నలభై

కళ్యాణదుర్గం కోర్టు వెనక సందులో
మా నాయన కొట్టుకు బోర్డు లేదు.
లైసెన్సుకు మాత్రం ఫ్రేము కట్టించి
కాబా పటానికి జానెడు కింద తగిలించినాడు.

మేం దూదేకులోళ్లం.
తాత విల్లు మీటి పత్తి ఏకితే
నాయన తూటాలో మందుకూ గుండ్లకూ నడుమ
ఉన్ని బిళ్ల కూర్చేవాడు.
"అదీ దూదే, ఇదీ దూదే" అని నవ్వేవాడు.
"పరుపులో అయితే మనిషి నిద్రపోతాడు,
ఇందులో అయితే పంది."

వాడేసిన ఇత్తడి గొట్టాలను
చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటేవాడు.
ఖంగుమంటే ఇటు.
గొంతు బొంగురుపోతే పాత సామాన్ల సంచిలోకి.
అంచున వెంట్రుకంత పగులు
నా కంటికి ఏనాడూ ఆనలేదు,
ఆయన బొటనవేలికి ఆనేది.
"కుండ కొనేటప్పుడు మీ జేజి ఏం చేస్తాది? అంతే."

ఒకసారి ఉరవకొండ నుంచి ఎవడో
పేరు లేని డబ్బాలో మందు తెచ్చి
సగం ధరకే ఇస్తానన్నాడు.
నాయన మూత కూడా తీయలేదు.
"ఊరూ పేరూ చెప్పలేనోడికి
పిల్లనిస్తామా?" అన్నాడు.

ఆ సాయంత్రం బోయ తిప్పేస్వామికి నలభై.
బుడ్డచేనులో ఊడలు దిగి కాయ పట్టే కాలం,
పందులు మందలుగా కొండ దిగే కాలం.
బెంచీ మీద కూర్చుని బీడీ వెలిగించబోతే
నాయన చూసిన చూపుకు
దాన్ని చెవి వెనక పెట్టుకున్నాడు.

నేను ఏడో తరగతి. కంసాలి త్రాసు ముందు కూర్చుని
ముల్లు నిలబడినప్పుడు "ఊ" అనడం నా పని.
నా "ఊ" వింటేనే మందు గొట్టంలోకి దిగేది.
ఎన్నోదానికాడనో తెలీదు,
"నాయనా, లేపాక్షికి తీస్కపోతారంట,
రేపటికి నూటాభై కట్టాలంట" అన్నాను.

నలభై అయిపోయి, అట్టపెట్టె మూసి, దారం కట్టి,
దారం ముడి మీద వేలు అట్లే పెట్టి అడిగాడు:
"నువ్వు దుడ్లు అడిగినప్పుడు ఊ అన్నావా, అన్లేదా?"

"అన్నా."

"గట్టిగా?"

"అన్నాననుకుంటా."

దారం తెంపేశాడు.

తిప్పేస్వామి బతిమాలాడు:
"ఒక్కొక్కటి తూకమేసి చూడు సాయిబూ,
ఎక్కువ తక్కువ తెలీదా?"
"గొట్టాలే ఒకదాని బరువు ఒకదానికుండదు.
చిటికెడు మందు ఆ తేడాలో దాక్కుంటాది."
"అయితే ఏమంటావు?"
"పొద్దున రా."

ఒకటి విప్పాడు. గుండ్లు పళ్లెంలో గలగలమన్నాయి.
మందు కాగితం మీద. త్రాసు. ముల్లు.
"ఊ."
రెండు. "ఊ."
పదకొండుకాడ కరెంటు పోయింది.
దీపం వద్దన్నాడు. లాంతరూ వద్దన్నాడు.
మందున్న చోట ఓపికే వెలుతురంట.
చీకట్లో చేతులు తొడల మీద పెట్టుకుని
ఆయన, ఎదురుగా నేను,
మధ్యలో కనపడని త్రాసు.
అమ్మ రాగిముద్ద తెచ్చి గడపకాడే నిలబడి
పిలవకుండా ఎనక్కి పోయింది.

కరెంటు ఎప్పుడొచ్చిందో,
ఇరవైయేడుకాడ నేను కునికితే
"ఊ అను బిడ్డా" అన్నాడు, తిట్టలేదు.

నలభైలో నలభై సరిగ్గా ఉన్నాయి.

మళ్లీ మొదట్నుంచీ కూర్చాడు.
తొలికోడి కూసేటప్పటికి పెట్టెకు కొత్త దారం.

తిప్పేస్వామి వచ్చాడు.
పీకేసిన బుడ్డచెట్టు ఒకటి, సగం నమిలింది,
మట్టితోనే బల్ల మీద పెట్టాడు.
"అరెకరా పాయ. తప్పు దొరికిందా?"
"లేదు."
బయట నీళ్ల బండి గంట కొట్టుకుంటూ పోయింది.
ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు.

పెట్టె చంకలో పెట్టుకుని దుడ్లు తీయబోతే
నాయన తల అడ్డంగా ఊపాడు.
లేపాక్షి ఆ చంకలోనే పోయింది.

పోతా పోతా తిప్పేస్వామి
ఆ చెట్టుకు మిగిలిన ఒక లేతకాయ తెంపి
వొలిచి నా చేతిలో పెట్టాడు.
గింజ ఇంకా గట్టిపడలేదు, నీళ్లూ పాలూ.

నేను "ఊ" అన్లేదు ఆ రోజు.
ముల్లు వైపు చూడనే లేదు,
లేపాక్షి బసవన్నను చూస్తున్నాను.
ఆ మాట నాయన ఉన్నన్నాళ్లూ చెప్పలేదు.
ఆయన అడగనూ లేదు.
నలభై విప్పిన మనిషి.